ఏమీ చెయ్యదు

"ఏనూ మాడల్లమ్మా" అంటారు బోపయ్య గారు.
ఏమీ చెయ్యదని.
ఆరుంబావుకి, కగ్గదాసపుర వార్డు పార్కులో,
గేటు పక్క బోర్డుకి వీపు ఆనించి.
ఆ బోర్డు నేను కన్నడం కూడబలుక్కుని చదివాను:
కుక్కని తాడుతోనే తీసుకురావాలి.
తాడు ఉంది. ఆయన మెడలో ఉంది,
పెళ్ళివారి కండువాలా.

సుబేదారు మాత్రం వట్టి మెడతో వస్తుంది.
గోధుమరంగు ఒళ్ళు, గిన్నెంత మూతి,
తోక తగిలి మందార మొగ్గలు రాలతాయి.

డాక్టరు నాకు రోజుకి పది చుట్లు రాశాడు, షుగరుకి.
రెండో చుట్టుకే లెక్క తప్పుతుంది.
కుక్క ఎటుందో చూసుకుంటూ నడిచేవాళ్ళకి
చుట్ల లెక్క ఉండదు.

మడకశిరలో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు,
కిరసనాయిలు క్యూలో కరిచిందొకటి.
బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు.
పద్నాలుగు రోజులూ నాన్న నా చేతులు పట్టుకుని
గోడ మీది ఎర్ర త్రికోణం చూడమనేవాడు.
"ఏమీ కాదులే పాపా" అనేవాడు కాంపౌండరు,
సూది వీపు వెనక దాచుకుని.
కుటుంబ నియంత్రణ బొమ్మ ఎక్కడ కనబడినా
ఇప్పటికీ నా పొట్ట లోపలికి పోతుంది.

ఇదంతా బోపయ్య గారికి చెప్పొచ్చు.
చెప్పడానికి నా కన్నడం చాలదు.
ఇంగ్లీషులో చెబితే అది నాకు జరిగినట్టుండదు.

చౌడమ్మకి ఆ బాధ లేదు.
చీపురు ఆపి, కోలారు తెలుగులో, పార్కంతా వినబడేలా:
"కుక్కని తెస్తారు, కవరు తేరు.
ఎత్తేది నేను.
వాళ్ళ కుక్క పేరు నాకు తెలుసు,
నా పేరు వాళ్ళకి తెల్దు."

మొన్న బుధవారం బోపయ్య గారి ఫోను మోగింది.
ఆస్పత్రి నుంచి అనుకుంటా,
మొహం పాలిపోయింది.
మెడలో తాడు తీసి, కొక్కెం తగిలించి,
దగ్గర్లో ఇంకెవరూ లేక నా చేతిలో పెట్టి
చెట్ల వెనక్కి నడిచిపోయారు.

నేను చెయ్యి చాచానా? గుర్తులేదు.
తాడు అరచేతిలో ఉంది, ఆయన చెమటతో తడిగా.

అప్పుడే విరిగిన కంచె సందులోంచి
వీధివి మూడొచ్చాయి.
చెవి కొసలు కత్తిరించినవి,
ఏ పేరుకీ పలకనివి,
బోర్డులో వాటి ఊసే లేదు.
మూడూ తలలు దించి, అడుగులో అడుగేసుకుంటూ.

సుబేదారు నా కాళ్ళ వెనక్కి దూరింది.
ముప్పై అయిదు కిలోల ఒళ్ళు
నా చీర కుచ్చిళ్ళలో దాక్కోవాలని చూసింది.
తాడులోంచి వణుకు వచ్చింది,
సన్నగా, ఆగకుండా,
కుట్టుమిషను నడుస్తుంటే బల్ల వణికినట్టు.
కొంత నాదే అయ్యుండొచ్చు.
ఏది ఎవరిదో తాడు చెప్పలేదు.

"ఏమీ చెయ్యవులే" అన్నాను.
తెలుగులో. నా నోటితోనే.
నాకేం తెలుసని?
అచ్చం కాంపౌండరు గొంతు.

చౌడమ్మ చీపురు తిప్పి నేలకేసి కొట్టింది.
మూడూ ఆలోచించుకుని,
తొందరేం లేనట్టు,
వచ్చిన సందులోంచే వెళ్ళిపోయాయి.

తాడు తిరిగిచ్చాను.
"థాంక్స్" అన్నారాయన, ఎటో చూస్తూ.
ఎవరికి బాగాలేదో నేను అడగలేదు.
వేళ్ళ మీద తాడు అచ్చు మధ్యాహ్నం దాకా ఉంది.
సబ్బుతో రెండుసార్లు కడిగాను.

కుక్కలంటే ప్రేమేం పుట్టలేదు నాకు.
గురువారం పార్కుకే పోలేదు.

శుక్రవారం
బోపయ్య గారి మెడలో తాడు లేదు, చేతిలో ఉంది,
కొక్కెం ఇంకా గాల్లోనే.
సుబేదారు నన్ను చూసి ఆగింది.
నేనూ ఆగాను.
మధ్యలో పది అడుగుల ఇటుకలు, తడి ఆకులు,
చౌడమ్మ ఇంకా ఊడవని చోటు.

"కట్టండి" అన్నాను, తెలుగులోనే.
"దానికీ భయమే."

ఆయనకి అర్థమైందో లేదో.
నేను ముందుకి కదిలాక వెనక చిన్న చప్పుడైంది,
కొక్కెమో, నా చెప్పు కింద పుల్లో.
తిరిగి చూడలేదు.
మూడో చుట్టు.